ఢిల్లీ దాకా విరగని కజ్జికాయ: తిరుపతిలో బోర్డు లేని ఒక పిండివంటల అంగడి

పిండివంటల అంగళ్ల మీద సమీక్ష రాసేవారు సాధారణంగా అంగడి ముందు నిలబడి, వేడివేడిగా ఒకటి రెండు నోట్లో వేసుకుని, ధర అడిగి తెలుసుకుని, ఇంటికి వచ్చి రాస్తారు. నా విషయంలో ఇది తలకిందులైంది. తిరుపతిలోని ఈ అంగడి గడప తొక్కకముందే రెండేళ్లపాటు నేను దాని సరుకు తిన్నాను. అదీ ఇక్కడ కాదు, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఢిల్లీలో, క్రిస్మస్ పార్సెళ్ల రూపంలో. కాబట్టి ఇది కొన్నవాడు రాస్తున్న సమీక్ష కాదు, అందుకున్నవాడు రాస్తున్నది. దూరాన ఉన్న బిడ్డకు పండుగ పార్సెల్ పంపాలనుకునే తల్లులకు, అక్కలకు పనికివస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అంగడి వెస్ట్ చర్చి ప్రాంతంలో, రైల్వే అండర్ బ్రిడ్జికి దగ్గరి సందుల్లో ఒకదానిలో ఉంది. బోర్డు లేదు, పేరు లేదు. పిండివంటల అవ్వ ఇల్లు ఏదని అడిగితే చాలు, ఆ పక్క ఎవరైనా చూపిస్తారు. ముందు గదిలో రెండు గాజు బీరువాలు, ఒక తూకం యంత్రం, గోడకు వెంకటేశ్వరస్వామి పటం. వెనుక పెరట్లో రేకుల కప్పు కింద మూడు పొయ్యిలు. పని చేసేది అవ్వ, అందరూ తాత అని పిలిచే ఆమె భర్త, సాయానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు. కొండకు వచ్చిపోయే యాత్రికులకు ఈ అంగడి ఉన్నట్టే తెలియదు. పెళ్లిళ్లకు, సీమంతాలకు సారె సామాను, విదేశాలకు వెళ్లేవారికి సంచులు నింపడం, ఇవే దీని బతుకుతెరువు. డిసెంబరు మొదలయ్యేసరికి మాత్రం చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు గులాబీ పువ్వులనే కరకరలాడే పిండివంట కోసం బారులు తీరతాయి. తిరుపతిలో క్రిస్మస్ ఏమిటని బయటి ఊళ్లవారు ఆశ్చర్యపోతారు గాని, లూథరన్ మిషనరీల కాలం నుంచి, అంటే 19వ శతాబ్దం నుంచి ఈ ప్రాంతంలో క్రైస్తవులు ఉన్నారు. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం తిరుపతే.

నా సంగతి కూడా కొంత చెప్పాలి, లేకపోతే ఒక పార్సెల్ గురించి ఇంత రాయడం ఎందుకో అర్థం కాదు. మాది చిత్తూరు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ వారు పనిచేసిన ఊరు కాబట్టి మా తాతలనాటి నుంచి మా ఇంట్లో క్రిస్మస్ ఉంది. హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్న రోజుల్లో నేను యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరాను. భారతదేశంలో ఆ సంఘానికి మొదటి స్టేక్, అంటే స్థానిక సంఘాల కూటమి, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. జనం మమ్మల్ని మోర్మన్లు అంటారు. ఆ పేరు వద్దు, సంఘం పూర్తి పేరే వాడండి అని 2018లో అప్పటి మా సంఘం అధ్యక్షుడు రసెల్ నెల్సన్ కోరారు. నాకు అభ్యంతరం లేదు గాని, ఆ పూర్తి పేరు ఏ కొరియర్ చీటీలోనూ పట్టదు.

చదువు ముగించుకుని 2022 ఫిబ్రవరిలో మిషనరీగా ఢిల్లీకి వెళ్లాను. యువకులకు ఈ సేవ 24 నెలలు, యువతులకు 18 నెలలు. జీతం ఉండదు, మధ్యలో సెలవు ఉండదు, పండుగకు ఇంటికి వచ్చి వెళ్లడమనే మాటే లేదు. ఉదయం 6:30కు లేవాలి, రాత్రి 10:30కు దీపం ఆర్పాలి. ఎక్కడికి వెళ్లినా ఇద్దరం కలిసే వెళ్లాలి. ఆ తోడు ఎవరో, ఎన్ని వారాలో మనం నిర్ణయించుకునేది కాదు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లని పేరుపలక. ఆ పలక మీద ఇంటిపేరు మాత్రమే ఉంటుంది, దాని ముందు ఎల్డర్ అనే మాట. తెలుగువాడికి ఇది విచిత్రంగా ఉంటుంది. మన ఊళ్లో ఇంటిపేరు పెళ్లిపత్రికలకు, రేషను కార్డులకు. ఒక మనిషిని ఇంటిపేరుతో పిలిచి అన్నం తిన్నావా అని ఎవరూ అడగరు. అక్కడ రెండేళ్లు నేను నా ఇంటిపేరుగానే బతికాను.

ఇంటితో మాట్లాడటానికి సోమవారం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం కూడా ఆ రోజే. దాన్ని తయారీ దినమంటాము. 2019 ఫిబ్రవరికి ముందు వెళ్లినవారికి ఆ సోమవారపు ఫోను కూడా లేదు: వారానికి ఒక ఈమెయిలు, ఏడాదికి రెండు ఫోన్లు, ఒకటి క్రిస్మస్‌కు, ఒకటి మదర్స్ డేకు. అప్పట్లో సేవ చేసి వచ్చిన హైదరాబాదు అన్న ఒకరు, క్రిస్మస్ ఫోనులో సగంసేపు అమ్మ ఏడుపు వినడానికే సరిపోయేదని, మిగతా సగంలో ఏం తిన్నావన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాడినని నాతో అన్నారు. మా కాలానికి ఫోన్లు పెరిగాయి గాని ప్రశ్న మారలేదు.

మా అమ్మకు క్రిస్మస్ అంటే గుమ్మానికి కాగితపు నక్షత్రం, అర్ధరాత్రి దాటాక వీధిలోకి వచ్చే క్యారల్స్ బృందం, తెల్లవారుజామున కొత్తబట్టలతో ఆరాధన, మధ్యాహ్నం పలావు, సాయంత్రం ఇరుగుపొరుగు ఇళ్లకు పళ్లేల్లో కజ్జికాయలు, గులాబీ పువ్వులు. పళ్లెం ఖాళీగా తిరిగి రాకూడదని పక్కింటివారు గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతారు. మా సంఘంలో క్రిస్మస్ చాలా నెమ్మదిగా జరుగుతుంది. పండుగకు దగ్గరగా వచ్చే ఆదివారం కొన్ని పాటలు, కొన్ని ప్రసంగాలు, రొట్టె, నీళ్లతో సంస్కారం, అంటే ప్రభు భోజనం. డిసెంబరు 25 వారం మధ్యలో వస్తే ఆ రోజున మామూలుగా ఆరాధన ఉండదు. ఇది విన్నప్పుడు అమ్మ అడిగిన మాట ఒకటే: "పండగ రోజు గుడికి పోకుండా ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు నాయనా?" ఆ ఖాళీని నింపడానికే ఆమె పార్సెల్ మాట ఎత్తింది. మోకాళ్ల నొప్పులతో తాను పొయ్యి దగ్గర కూర్చోలేదు కాబట్టి, తిరుపతిలో కాపురముంటున్న మా అక్కకు పని అప్పగించింది. అక్క అవ్వ అంగడిని వెతికి పట్టుకుంది.

మొదటి పార్సెల్ కథ అంత గొప్పది కాదు. అక్క 2022 డిసెంబరు 14న డబ్బు కట్టింది. అంగడివారు మర్నాడే కొరియర్‌కు అప్పగించారు. ఆ కొరియర్ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పెట్టె 22 నాటికే ఢిల్లీ చేరినట్టు ఫోనులో కనిపించిందని, ఆ తరువాత తొమ్మిది రోజులు ఎక్కడ పడి ఉందో చెప్పేవారే లేరని మాత్రం రాయాలి. ఆ ఏడాది క్రిస్మస్ ఆదివారం వచ్చింది. ఉదయం సంస్కార సమావేశం ఒక్కటే జరిగింది. బయట పొగమంచులో ఎదురింటి బాల్కనీ కూడా కనబడని రోజు. మధ్యాహ్నం ఇంటికి ఫోను చేస్తే అమ్మ పలకరింపుకు ముందే "పార్సెల్ వచ్చిందా" అంది. రాలేదన్నాను. "ఇంకో వారం ముందే పంపించి ఉండాల్సింది, నాదే తప్పు" అని ఆమె మౌనంగా ఉండిపోయింది. మేము ఆ రోజు తిన్నది అన్నం, కోడిగుడ్డు వేపుడు. అది చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

పెట్టె డిసెంబరు 31 రాత్రి వచ్చింది. మర్నాడు జనవరి 1, ఆదివారం, ఆ నెలలో మొదటి ఆదివారం. ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘంలో ఉపవాసం. వరుసగా రెండు పూటలు తిండీ నీళ్లూ మానేసి, ఆ తిండికయ్యే డబ్బును పేదల కోసం ఇవ్వాలి. మేము అప్పటికే ప్రార్థన చేసి ఉపవాసం మొదలుపెట్టి ఉన్నాము. పదహారు రోజులు ప్రయాణం చేసిన పెట్టెను బల్ల కింద పెట్టి, ఆ వాసన పీల్చుకుంటూ మర్నాటి సాయంత్రం దాకా గడిపిన ఇద్దరు యువకుల అవస్థ ఊహించుకోవచ్చు. నా తోడు మిషనరీ కోయంబత్తూరు యువకుడు. చీటీ మీద అక్క నా అసలు పేరు రాసింది. అతడు దాన్ని చదివి, ఇది మన పెట్టె కాదు, పొరపాటున మనకు ఇచ్చారు, తిరిగి పంపించేద్దాం అన్నాడు. రెండు నెలలుగా ఒకే గదిలో పడుకుంటున్న మనిషికి నా పేరు తెలియదని అప్పుడే నాకు అర్థమైంది.

ఇక సరుకు సంగతి. గులాబీ పువ్వుల పిండిలో చాలా ఇళ్లలో గుడ్డు కలుపుతారు. అవ్వ పొయ్యి మీదికి గుడ్డు ఎక్కదు. బియ్యప్పిండి, మైదా, కొబ్బరిపాలు, చక్కెర, నువ్వులు, అంతే. ఇనుప అచ్చును ముందుగా నూనెలోనే బాగా కాగనిచ్చి, పిండిలో మునగకుండా ముప్పావు వంతు మాత్రమే ముంచి, తిరిగి నూనెలో పెట్టి విదిలిస్తే పువ్వు విడిపోతుంది. పైఅంచు దాకా ముంచితే పువ్వు అచ్చుకు అతుక్కుని ఊడి రాదు. గుడ్డు లేని పువ్వు సాధారణంగా గట్టిగా వస్తుంది, లేదా నూనె పీలుస్తుంది. అవ్వ చేసినవి ఆ రెంటికీ మధ్య, వేలితో తడితే టిక్కుమనేంత కరకరగా ఉన్నాయి. కోయంబత్తూరు యువకుడు ఒకటి చేతిలోకి తీసుకుని, ఇది మా అచ్చు మురుక్కు కదా అని చిన్నబోయిన ముఖం వెలిగిపోగా నాలుగు తిన్నాడు. పదిహేడు రోజుల తరువాత కూడా కొబ్బరిపాల వాసన చెడలేదు. చలికాలం కూడా కొంత సాయపడి ఉంటుంది.

మిగతావాటికి అంత మెప్పు ఇవ్వలేను. మొదటి పెట్టెలో ఉసిరికాయ ఊరగాయ డబ్బా మూత వదులై, నూనె కారి, అడుగు వరసలోని మురుకులను ఎర్రగా తడిపేసింది. చెనిక్కాయ ఉండలు ఢిల్లీ చలికి రాళ్లయ్యాయి. బెల్లం పాకం ముదిరిందో, చలి ముదిరిందో గాని, చపాతీల కర్రతో కొడితే గాని పగలలేదు. కజ్జికాయలు రుచిగా ఉన్నా పైపొర మందంగా, కొరకడానికి కష్టంగా అనిపించింది. లోపలి పుట్నాలు, ఎండుకొబ్బరి, యాలకుల పొడి బాగున్నాయి గాని, పేరున్న అంగడి కజ్జికాయ ఇంత మొద్దుగా ఉండటమేమిటని అప్పట్లో అనుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత దీన్ని నేను వెనక్కి తీసుకోవాలి.

అన్నిటికంటే విడ్డూరం పెట్టె పైభాగాన ఉన్న చిన్న పొట్లం. రెండు కిలోలు దాటిన ప్రతి పార్సెల్‌కు అవ్వ ఉచితంగా యాభై గ్రాముల ఫిల్టర్ కాఫీ పొడి వేస్తారట. మా సంఘంలో కాఫీ, టీ, మద్యం, పొగాకు నిషిద్ధం. 1833లో మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు కలిగిన ప్రత్యక్షతగా మేము నమ్మే జ్ఞానవాక్యం నుంచి వచ్చిన నియమమిది. చిత్తూరు జిల్లావాడికి కాఫీ మానేయడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. చుట్టాలింటికి వెళ్లి కాఫీ వద్దంటే ఏదో కోపం పెట్టుకున్నాడనుకుంటారు. ఆ పొట్లం విప్పకుండానే గదంతా మా వంటిల్లయింది. దాన్ని కింది వాటాలో ఉండే కేరళ దంపతులకు ఇచ్చేశాము. వారు మా కంటే ఎక్కువ సంతోషించారు.

ఇప్పుడు ప్యాకింగ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ అంగడి అసలు విద్య అక్కడే ఉంది. అట్టపెట్టె లోపల నూనె కాగితం, దాని మీద వరసకొక అట్టముక్క. ఖాళీలన్నిటిలో, థర్మాకోలు ముక్కలకు, నలిపిన పాత పేపర్లకు బదులు, బొరుగులు పోశారు. కోస్తావారు మరమరాలంటారు, మాకు బొరుగులే. బొరుగులు తేలిక కాబట్టి బరువు పెరగదు. దెబ్బ తగిలితే అవి నలుగుతాయి గాని లోపలి పువ్వు విరగదు. పెట్టెలోకి చేరే తేమను కూడా ముందుగా అవే పీల్చుకుంటాయి. పైగా అవి తినే వస్తువు. పిండివంటలు అయిపోయిన తరువాత మేము ఆ బొరుగులను బాణలిలో వేయించి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేయించిన చెనిక్కాయలు కలిపి ఇంకో వారం సాయంకాలాలు గడిపాము. పారవేయడానికి ఏమీ మిగలని పార్సెల్‌ను నేను అదే మొదటిసారి చూశాను.

2023లో అక్క నవంబరు చివరి వారంలోనే వెళ్లి, పాత ఫిర్యాదులన్నీ అవ్వ ముందు పెట్టి, వేరే కొరియర్‌లో పంపించమని చెప్పి వచ్చింది. పెట్టె డిసెంబరు 9న అందింది. పండుగ దాకా విప్పకూడదని అమ్మ ఆజ్ఞ కాబట్టి పదహారు రోజులు బీరువా మీద పెట్టాము. ఆ ఏడాది క్రిస్మస్ సోమవారం, మా తయారీ దినమే. పక్క ప్రాంతంలో పనిచేసే ఇద్దరు ఎల్డర్లు కూడా మా గదికి వచ్చారు. నలుగురిలో తెలుగువాడిని నేనొక్కడినే. కింది వాటా కేరళ దంపతులు పొద్దున్నే ప్లమ్ కేకు పంపారు. పోయిన ఏడాది కాఫీ పొడి మీద వడ్డీ అన్నమాట.

ఫోనును గోడకు ఆనించి పెట్టెను దాని ముందు పెట్టాము. అమ్మ, అక్క, నాన్న, ముగ్గురూ చిత్తూరు ఇంట్లో ఒకే మంచం మీద ఇరుక్కుని కూర్చున్నారు. వెనుక గోడకు నక్షత్రం వెలుగు ఎర్రగా పడుతోంది. ఎట్లున్నావు, చలి ఎట్లుంది అన్న మాటలు రెండు నిమిషాల్లో తేలిపోయాయి. తరువాత అమ్మ పెట్టె విప్పమంది. గులాబీలు ఒక్కొక్కటే ఎత్తి చూపించమంది. నేను చూపిస్తుంటే ఆమె లెక్కపెడుతోంది. ఇరవై నాలుగింటిలో మూడు విరిగాయి. విరిగిన వాటిని ముందు తినేయమని, మంచివి ముగ్గురు పిల్లలకూ సమంగా పెట్టమని, ఆ పంజాబు అబ్బాయికి ఊరగాయ కారం ఎక్కువైతే నెయ్యి వేసివ్వమని చెప్పింది. ఏడుస్తుందనుకున్నాను. లెక్కలో పడి ఆ సంగతే మరిచిపోయింది. అరగంట ఫోనులో ఇరవై నిమిషాలు పిండివంటల మీదే గడిచింది. ఇంటికి దూరంగా ఉన్నవాడికి, వాడి తల్లికి, ఏం మాట్లాడుకోవాలో తెలియని రోజున చేతికి ఒక పని దొరకడం ఎంత మేలో ఆ రోజు చూశాను.

ఈసారి ఊరగాయ విడిగా, రెండు పొరల సీలు కవరులో వచ్చింది. చుక్క నూనె కారలేదు. చెనిక్కాయ ఉండల బదులు సున్నుండలు పెట్టారు. నెయ్యి గడ్డకట్టినా నోట్లో వేసుకోగానే కరిగిపోయాయి, కాబట్టి చలి ప్రదేశాలకు పంపేవారు సున్నుండలే అడగండి. పులిహోర పులుసు ఈ అంగడిలో నేను ఎక్కువగా మెచ్చే వస్తువు. చింతపండు గుజ్జును నువ్వుల నూనెలో నూనె పైకి తేలేదాకా ఉడికించి, ఇంగువ, ఎండుమిరపకాయలు, మెంతిపొడి పట్టించారు. అన్నం వార్చి, చల్లార్చి, మూడు గరిటెలు కలిపితే నలుగురికి క్రిస్మస్ భోజనమైంది. వెంకన్న పటం కింద తయారైన పులిహోర పులుసుతో నలుగురు మోర్మన్ మిషనరీలు ఢిల్లీలో క్రిస్మస్ చేసుకోవడం వింతగా తోచవచ్చు. ఆకలి మీద ఉన్న మాకు తోచలేదు. కాఫీ పొడి పొట్లం మాత్రం ఈసారీ వచ్చింది. అక్క ఆ ఒక్క మాట చెప్పడం మరిచిపోయిందట.

2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరాను. మార్చిలో అక్క ఇంటికి వెళ్లినప్పుడు అంగడికి మొదటిసారి వెళ్లాను. నేనెవరో అక్క చెప్పగానే అవ్వ చేతిలోని గరిటె పక్కన పెట్టి, "ఢిల్లీకి పోతాండిందే పార్సెలు, ఆ పిల్లోడివి నువ్వేనా" అంటూ లోపలికి పిలిచి, ముందుగా చేసిన పని నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టబోవడం. వద్దన్నాను. ఒంట్లో బాగలేదా అని అడిగారు. మా సంఘం నియమమని చెబితే, "అయితే ఏం తాగుతావు మరి?" అన్నారు. పాలన్నాను. "పసిబిడ్డ మాదిరి!" అని నవ్వుతూ బెల్లం పాలు తెచ్చి ఇచ్చారు. రెండేళ్లూ ఆమె పంపిన కాఫీ పొడి సంగతి ఆ రోజు చెప్పలేకపోయాను.

పాలతోపాటు రెండు కజ్జికాయలు పెట్టారు. కొరికితే పొర కాగితంలా పలుచగా పొడిపొడిగా రాలింది. ఢిల్లీలో నేను తిన్న మొద్దు కజ్జికాయకు దీనికి సంబంధమే లేదు. ఇది ఇంత బాగుంది, మాకు వచ్చింది వేరేగా ఉండేదని నోరు జారాను. అవ్వ చిన్నబుచ్చుకోలేదు. బీరువా కింది అరలోని పొడుగాటి చిట్టా పుస్తకం తీసి ఒక పేజీ చూపించారు. ప్రతి పార్సెల్‌కు ఒక వరస: ఊరు, తేదీ, బరువు, చివరన ఒకే మాట. చెన్నై, నెల్లూరు, బెంగళూరు వరసల్లో "పలచన" అని ఉంది. నా వరసలో "ఢిల్లీ, మందం" అని, దాని కింద రెండో ఏడాది కలిపిన "ఊరగాయ వేరే" అని ఉంది. దూరం పోయే వాటికి పిండిలో బొంబాయి రవ్వ వంతు పెంచి, పొర మందంగా వత్తి, అంచును అచ్చుతో నొక్కకుండా చేత్తో మడతలు వేసి, సన్నటి మంట మీద ఎక్కువసేపు వేయిస్తారట. "పలచగా చేస్తే రుచి బాగుంటాది నాయనా. అయితే ఆడికి పోయేసరికి పొడే పోతాది" అన్నారు. మా పెట్టెలో విరిగిన కజ్జికాయ ఒక్కటి కూడా లేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకువచ్చింది. అందుకే మొద్దు కజ్జికాయ అన్న మాటను ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

లోపాలూ రాయాలి. ధరలు తక్కువేమీ కాదు: నేను వెళ్లినప్పుడు గులాబీ పువ్వులు కిలో 440 రూపాయలు, కజ్జికాయలు 460, మురుకులు 360, ప్యాకింగ్‌కు 80, కొరియర్ ఖర్చు వేరు. మురుకులు ఆ ధరకు తగినవి కావు, నా లెక్కలో వాటికి ఐదుకు రెండున్నర. వాము ఎక్కువ, వెన్న తక్కువ. పొయ్యిలు వెలుగుతున్నంతసేపు ఫోను ఎవరూ ఎత్తరు, కాబట్టి సాయంత్రం నాలుగు తరువాతే ప్రయత్నించాలి. అమావాస్య నాడు బాణలి పెట్టరు. పార్సెల్ ఎక్కడుందో తెలుసుకోవడానికి కావలసిన రసీదును తాత జేబులో వేసుకుని మరిచిపోతుంటారు, అడిగి తీసుకోవాలి. క్రిస్మస్‌కు ఉత్తరాది ఊళ్లకు పంపేవారు నవంబరు ఆఖరులోగా చెప్పుకోవడం మంచిది. డిసెంబరు 10 దాటితే దూరపు ఆర్డర్లు వారే తీసుకోరు. చీటీ మీద పేరు ఎలా రాయాలన్నది మాత్రం అంగడివారి బాధ్యత కాదు. మిషనరీకి పంపే పక్షంలో ఇంటిపేరు ముందు రాసి, మన పిల్లవాడి పేరు తరువాత రాయండి.

ఈ నవంబరులో మళ్లీ వెళ్లాను. హైదరాబాదులో నాకు తెలిసిన కుటుంబం అబ్బాయి ఒకడు ఇప్పుడు ఢిల్లీలో సేవలో ఉన్నాడు, ఇది వాడి మొదటి క్రిస్మస్. వాడి తల్లి డబ్బు పంపి పార్సెల్ పని నాకు అప్పగించింది. అవ్వ చిట్టా పుస్తకం తెరిచి, ఊరు అడిగి, నేను ఢిల్లీ అనగానే నన్ను మళ్లీ అడగకుండానే "మందం, ఊరగాయ వేరే" అని రాసుకున్నారు. తరువాత పెన్సిల్ ఆపి కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు.

"ఈ పిల్లోడు కూడా మీ మాదిరేనా? కాఫీ తాగడా?"

"తాగడవ్వా."

ఆ వరస చివర "కాఫీ వద్దు, సున్నుండలు రెండు ఎక్కువ" అని రాసి, బొరుగుల బస్తా విప్పమని తాతకు చెప్పారు.